చేనుగట్టు మీది వీరగల్లు

ధర్మసాగర్ దగ్గర మా పత్తిచేను గట్టు మీద నడుమెత్తు రాయి ఒకటి ఉండేది. దాని మీద కత్తి పట్టుకున్న మనిషి బొమ్మ. ఎప్పుడో కొట్లాటలో చనిపోయినవాడి జ్ఞాపకంగా నిలబెట్టిన వీరగల్లు అని చాలా ఏళ్లకు తెలిసింది. చిన్నప్పుడు మాకది సద్దిమూట ఆనించుకునే రాయి, అంతే.

మా అన్న ట్రాక్టర్ తిరగబడి చనిపోయాడు. అప్పటికి పెళ్లి కూడా కాలేదు. ఆ ఏడు పత్తి ఏరుతూ ఏరుతూ అమ్మ ఆ రాయి ముందు ఆగిపోయింది.

"బిడ్డా, ఇటు రా. గీ ముక్కు సూడు. మీ అన్నదే గదనే?"

వానలకు అరిగిపోయిన ముక్కు అది. ఎవరిదైనా కావచ్చు. "అవునే" అన్నాను.

అప్పటి నుంచి అమ్మ చేనుకు వెళితే ముందు రాయికి నీళ్లు పోసేది. చెంగుతో తుడిచి పసుపు రాసేది. పొద్దున ఏం కూర వండిందో, బోరులో నీళ్లెట్లా ఉన్నాయో చెప్పేది. నాన్న చూసీ చూడనట్టు పక్క సాలులోకి వెళ్లిపోయేవాడు.

కొన్నేళ్ల కిందట ఒక పొద్దున, అమ్మ గట్టు మీద కూలబడి ఉందని కబురొచ్చింది. వెళ్లి చూస్తే, గుప్తనిధుల కోసం ఎవరో రాయి కింద పెద్ద గొయ్యి తవ్విపోయారు. రాయి రెండుగా విరిగి పడి ఉంది. అమ్మ పై ముక్కను ఒడిలో పెట్టుకుని మట్టి తుడుస్తోంది. ట్రాక్టర్ కింద నుంచి అన్నను తీసినప్పుడు ఆమెను దగ్గరికి రానివ్వలేదు.

రెండు రోజులకు పురావస్తు శాఖ అధికారులు వ్యాన్ తెచ్చారు. "ఈడ్నే ఉంటె ఉన్నది గూడ మిగలదమ్మా" అన్నారు. అది నిజమే. అమ్మే వ్యానులో గడ్డి పరిచి, ముక్కలను దాని మీద పెట్టించింది.

చలికాలంలో ఆమెను ఆ రాయిని ఉంచిన మ్యూజియానికి తీసుకుపోయాను. విరిగినచోట సిమెంటు పెట్టి రాయిని నిలబెట్టారు. అమ్మ కొంగుముడి విప్పి పసుపు తీసింది. కాపలా ఆయన పరుగున వచ్చాడు.

"అమ్మా, ముట్టద్దు. పసుపు రాస్తె రాయి ఖరాబైతదట."

"గిన్నేండ్ల సంది నేను రాస్తనే ఉన్న గద సారూ?"

"కావచ్చమ్మా. నా నౌకరి పోతది."

పాపం, ఆయనే తన కుర్చీ తెచ్చి వేశాడు. అమ్మ కూర్చుని రాయి పక్కనున్న బోర్డు చూపించింది.

"ఏం రాసిన్రు బిడ్డా?"

"పేరు తెలియని వీరుడు అని."

అమ్మ లేచి, మా అన్న పేరు ఇంటిపేరుతో సహా గట్టిగా చెప్పింది. బొమ్మలు చూస్తున్నవాళ్లు ఇటు తిరిగారు. "రాసుకో సారూ" అంది. ఆయన నా వంక చూశాడు. ఏమనుకున్నాడో, తలూపాడు.

తిరుగు బస్సులో, "పేరు చెప్పొచ్చిన గద. రాస్తరంటవా?" అని అడిగింది.

"రాస్తరే" అన్నాను.

ఆ ఏడే చేను కౌలుకిచ్చాం. హనుమకొండలో మా ఇంటికి అమ్మ ఇప్పటికీ వస్తుంది. మ్యూజియం మాటెత్తితే మాత్రం తల అడ్డంగా ఊపుతుంది.

"వద్దు బిడ్డా. ముట్టకుంట సూసుడు నాతోని కాదు."