నేను వేటకు వెళ్లిన ఏడు

మా ఊరి బడిలో ఒకరోజు పదకొండింటికే అన్నం గంట మోగింది. పిల్లలు కంచాలు పట్టుకుని పరుగెత్తారు. ఇంకా బియ్యం కడుగుతున్న వంటామె గరిటె పట్టుకుని మేష్టారి మీదికి వెళ్లింది. మేష్టారు నాకు కబురు పెట్టారు. ఎందుకంటే ఆ గంటకు కంప్యూటర్ తగిలించిన మహాతల్లిని నేనే.

బడి కంప్యూటర్‌కు ప్రింటర్ పెట్టుకునే చోట రెండు తీగలు తగిలించి, టైము చూసుకుని దానంతటదే గంట కొట్టేలా ప్రోగ్రాం రాశాను. నా తెలివికి నేనే మురిసిపోయాను. తీరా చూస్తే, లోపల గడియారాన్ని నడిపే చిన్న బిళ్ల బ్యాటరీ చచ్చిపోయి ఉంది. కరెంటు పోయి ఎప్పుడొస్తే అప్పుడే అర్ధరాత్రి అనుకుని ఆ కంప్యూటర్ లెక్క మొదలుపెడుతోంది. దాన్ని బాగుచేసేదాకా ఊళ్లో నన్ను చూసినవాళ్లంతా "ఏటమ్మా, అన్నాలయ్యాయా?" అని అడిగేవారు, పొద్దున్న ఏడింటికి కూడా.

రెండు వేల సంవత్సరం దాటిన నాలుగైదేళ్లకు జరిగిన మాట. అరకు దగ్గర, రోడ్డు పక్కనే ఉన్న గిరిజన ఊరు మాది. నేను పాలిటెక్నిక్‌లో కంప్యూటర్లు చదివి, ఒక ఆఫీసులో టైపు కొట్టే పనిలో ఉండేదాన్ని. మా ఆయనకు కాఫీ తోట. ఆఫీసువాళ్లు పారేసిన మూడు చచ్చిన కంప్యూటర్లు ఇంటికి తెచ్చి, మంచి ముక్కలు ఏరి, బతికినది ఒకటి చేశాను. ఆదివారం వచ్చిందంటే పాపను ఒళ్లో వేసుకుని దాని ముందు కూర్చునేదాన్ని. పొయ్యి మీద చోడంబలి, అదే రాగిజావ, మాడేది. ఒకటి రెండు సార్లు కాదు, చాలాసార్లు మాడింది. ఒప్పుకుంటాను.

"ఈ మాడుగంజి ఆ పెట్టికే పొయ్యి. నాను తాగను" అనేది మా అత్త. ఆమె కంప్యూటర్‌ను ఎప్పుడూ పెట్టి అనే అంది.

ఒకరోజు ఆఫీసు పేపర్లో ఒక ప్రకటన చూశాను. విశాఖపట్నంలో ఒక ఇంజనీరింగ్ కాలేజీలో హ్యాకింగ్ పోటీ, ఎవరైనా రావచ్చు. తాళం వేసినట్టు కట్టుదిట్టం చేసిన ప్రోగ్రాములు ఆరు ఇస్తారు. ఒక్కోదాంట్లోకి దూరి లోపల దాచిన మాటను బయటికి తేవాలి. మొదటి ముగ్గురికి కప్పులు. నాకు ఆ పూట ఆఫీసులో ఒక్క అక్షరం సరిగ్గా పడలేదు.

ఇంటికొచ్చి చెబితే అత్త నోరు నొక్కుకుంది. "తాళాలు తీసి దూరడమేటి? దొంగతనమా?"

"కాదత్తా. వేటలాంటిది" అన్నాను.

నా నోరు ఊరుకోదు కదా! ఆ మాట అనకపోతే బాగుండేదని తరవాత వందసార్లు అనుకున్నాను. ఎందుకంటే పోటీ సరిగ్గా చైత్రంలో, మా ఇటుకల పండుగ రోజుల్లో పడింది. ఆ రోజుల్లో మా మగవాళ్లంతా విల్లంబులు పట్టుకుని అడవికి వేటకెళ్తారు. ఆడవాళ్లు రోడ్డుకు అడ్డంగా వెదురు గెడ పెట్టి, వచ్చేపోయే బళ్లను ఆపి, ఆడిపాడి పండగ మామూలు పుచ్చుకుంటారు. వేట దొరికితే ఆ ఏడు పంట బాగుంటుందని మా నమ్మకం. ఉత్త చేతులతో తిరిగొచ్చిన వేటగాడికి ఆడవాళ్లు పేడనీళ్లు పోస్తారు. ఎంతటి మొనగాడైనా తడవాల్సిందే. ఇప్పుడు అడవిలో ఏముందని? ఏటా అందరూ తడిసేవాళ్లే. ఒక ఏడు ఒకాయన తెలివి చూపించబోయి, సంతలో కోడిని కొని అడవికోడి అని పట్టుకొచ్చాడు. అది ఆయన చంకలోంచి దిగి, తిన్నగా మా అత్త గంపకిందికి పోయి పడుకుంది. ఆయనకు రెండు బకెట్లు పోశారు.

మా ఆయన మంచివాడు. "నువ్వెల్లు. పాపని నాను సూసుకుంటాను" అన్నాడు. అంటే పండగపూట వేట మానుకుని, మగాడు ఇంట్లో ఉండటమన్నమాట. ఊరు ఊరుకుంటుందా? "పెళ్లాం వేటకి, మొగుడు వంటకి" అని పాటే కట్టారు. ఆయన నవ్వేశాడు గానీ, నేను ఆ పాట వినపడితే దారి మార్చుకునేదాన్ని.

బయల్దేరే రోజు అత్త గుమ్మంలో నిలబడి తేల్చి చెప్పింది. "నా కొడుకు నీకోసం ఏట మానీసినాడు. నువ్వు ఉత్త సేతుల్తో వచ్చినావా, ఆ పెట్టి అటకెక్కిపోద్ది. మల్ల దిగదు."

మా అత్త ఉత్తుత్తి మాటలు ఆడే మనిషి కాదు. అటకెక్కిన వస్తువును ఆమె దించగా నేనెప్పుడూ చూడలేదు.

పోటీకి ఇద్దరేసి, ముగ్గురేసి జట్లుగా కాలేజీ కుర్రకారు వచ్చారు. నేను ఒక్కదాన్నే. "మేడం, పేరెంట్స్ బయట కూర్చోవాలి" అన్నాడొకడు. ఒళ్లు మండింది. మొదటి మూడు తాళాలు తీసేసరికి ఆ మంట కాస్త చల్లారింది. నాలుగోది, అయిదోది ఇంటర్నెట్‌కు సంబంధించినవి. మా ఇంట్లో ఫోనే లేదు, ఇంక ఇంటర్నెట్ ఎక్కడిది? చదవడమే తప్ప చేతితో చేసిన పని కాదు. గంటన్నర కొట్టుకున్నాను. నాలుగోది తెరుచుకోలేదు, అయిదోదీ తెరుచుకోలేదు. ఏడుపొచ్చింది.

ఆరోది ఎవరికీ లొంగలేదు. తెరవగానే "గడువు తీరిపోయింది" అని చెప్పి మూసుకుపోతోంది. కుర్రాళ్లు దాని పేగులన్నీ బయటికి లాగి వెతుకుతున్నారు. నాకు మా బడిగంట గుర్తొచ్చింది. ఓలమ్మా, ఈ ప్రోగ్రాంకు మాత్రం టైము ఎవరు చెబుతారు? కంప్యూటరే కదా! గడియారాన్ని ఒక ఏడాది వెనక్కి తిప్పి మళ్లీ తెరిచాను. బుద్ధిగా తెరుచుకుంది. ఆ హాల్లో దాన్ని తీసింది నేనొక్కదాన్నే. ఇందాక నన్ను బయట కూర్చోమన్న కుర్రాడే దగ్గరికొచ్చి, "అక్కా, ఎలా తీశారు?" అని అడిగాడు. బడిగంట సంగతి చెబితే పడీపడీ నవ్వాడు, నేనూ నవ్వాను.

కానీ అన్నీ కలిపితే నేను నాలుగోదాన్ని. కప్పులు మూడే.

ఆ సాయంత్రం మా చుట్టాలింటికి వెళ్తుంటే దారిలో ఆటసామాన్ల కొట్టు కనిపించింది. అద్దాల వెనక మెరిసిపోతూ కప్పులు. ఒకటి కొనుక్కెళ్తే మా ఊళ్లో ఎవరికి తెలుస్తుంది? మెట్టెక్కాను కూడా. అప్పుడు సంతకోడి ఆయన గుర్తొచ్చాడు. దిగిపోయాను.

మర్నాడు పొద్దున్న రైలెక్కాను. సొరంగం వచ్చినప్పుడల్లా పిల్లలు కేకలు పెడుతున్నారు. నాకు చిరాకు. బొర్రా దాటేసరికి మనసులో కంప్యూటర్‌ను విడదీసి మూట కట్టేశాను. దానికంటే ఇంకొకటి ఎక్కువ భయపెట్టింది. ఊళ్లోవాళ్లు "ఆడది కదా, పోన్లే" అంటారేమోనని. ఆ మాట వినడం కంటే రైలు దిగకపోవడమే నయం అనిపించింది.

అరకులో దిగి జీపెక్కాను. మా ఊరి ముందు రోడ్డుకు గెడ అడ్డం ఉంది, ఆడవాళ్లంతా దాని వెనక ఉన్నారు. జీపు ఆగింది, పాట ఆగింది. అందరూ నా చేతులకేసి చూశారు.

"ఏదీ?" అంది అత్త.

"లేదత్తా. ఒక్క మెట్టులో పోయింది."

అత్త వెనక్కి తిరిగి పాకలోకి వెళ్లిపోయింది. అటక ఎక్కడానికి నిచ్చెన వెతుకుతోందనుకున్నాను. మా ఆయన పాపను ఎత్తుకుని దూరంగా నిలబడి ఉన్నాడు, ఆయన మొహంలోకి చూడలేకపోయాను.

అత్త బకెట్‌తో తిరిగొచ్చింది. నేను తేరుకునేలోపు నెత్తిమీంచి కుమ్మరించింది. చిక్కటి పేడనీళ్లు!

"ఏటత్తా ఇది!"

"ఏటేటి? ఏటకెల్లి ఉత్తినే వచ్చినోలికి పోసేదే. నీకు మాత్రం ఏరే నాయమా?"

అంతే, ఆడవాళ్లంతా ఒక్కసారి మీద పడ్డారు. చెంబులు, కుండలు, దోసిళ్లు. మా ఊళ్లో ఒక ఆడదానికి ఆ నీళ్లు పోయడం అదే మొదలు. నాకు నవ్వో ఏడుపో తెలియలేదు, రెండూ వచ్చాయి. జన్మలో అంత సంతోషం నాకు ఏ కప్పుతోనూ వచ్చేది కాదు. జీపు డ్రైవరు దిగి మరీ నవ్వుతున్నాడు. మా ఆయన పాప చేత కూడా ఒక చెంబెడు పోయించాడు, దుర్మార్గుడు.

పేడ కారుతూనే అడిగాను. "మరి పెట్టి అటకెక్కిస్తావా అత్తా?"

అత్త నన్ను ఎగాదిగా చూసింది. "ఏట దొరకనేదని ఏ మగోడైనా విల్లు పొయ్యిలో ఎట్టీసినాడేటి? వచ్చే ఏడు మల్ల ఎల్లు."

నేను ఇంట్లోకి పరుగెత్తాను. వెనకనించి ఆమె కేక వినిపించింది.

"ఓలమ్మో, ఆగే! ఆ పేడ సేతుల్తో పెట్టి ముట్టుకోకు, పాడైపోద్ది!"