ఎడమచెయ్యి తడవని ఈత

ఆ పెద్దాయన ఎడమచేతిని నీళ్లలో ఎందుకు ముంచడో స్వరాజ్యానికి అంతుపట్టలేదు. బ్యాంకు ఉద్యోగం నుంచి రిటైరయ్యాక, మోకాళ్ల నొప్పులకు మంచిదంటే ఆమె సూరత్‌లో పెద్దవాళ్ల ఈత క్లబ్బులో చేరింది. ఆయన రోజూ పొద్దున ఆరింటికి వచ్చేవాడు. పక్కకు ఒరిగి, కుడిచేత్తో నీళ్లు లాగుతూ, ఎడమ పిడికిలి బిగించి పైకెత్తి, చప్పుడు లేకుండా కొలను ఆ చివరికి వెళ్లిపోయేవాడు.

ఆ ఏడు క్లబ్బువాళ్లు డెబ్బై దాటిన ఈతగాళ్లకు పోటీ పెట్టి సత్కరించాలనుకున్నారు. పేర్లు రాసే పని స్వరాజ్యానికి అప్పజెప్పారు. ఆమె హిందీలో పేరడిగితే ఆయన "సాంబయ్య" అన్నాడు. వెంటనే ఆమె తెలుగులోకి మారింది. సిరిసిల్ల దగ్గరి నుంచి వచ్చి నలభై ఏళ్లు ఈ ఊళ్లోనే లింబాయత్ పేటలో మరమగ్గాలు, ఆయన మాటలో సాంచెలు, నడిపాడట. ఆ మోతకు చెవులు సగం పోయాయి. ప్రతిదీ గట్టిగా అడగాల్సి వచ్చింది.

"ఆ చెయ్యి ఎందుకు పైకెత్తుతారు సాంబయ్యగారూ?"

ఆయన తన చేతికేసి వింతగా చూసుకున్నాడు. "ఎత్తుతున్ననా?"

మరునాడు ఆయనే ఆమెను వెతుక్కుంటూ వచ్చాడు.

"అంగీ తడవద్దని మేడం. మా ఊరికి, సాంచెల కార్ఖానకు నడుమ వాగుండె. వానకాలం ఈదుకుంటనే పనికి పోయేది. అంగీ, సద్దిమూట ఈ చేత పట్టుకునేటోన్ని. ఆరేండ్లు గట్లనే పోయిన. చెయ్యి ఇంక మరువలేదేమో."

స్వరాజ్యం సంబరంగా ఆయన పేరు రాసి ఇచ్చింది. కోచ్ పరమేశ్వర్ దాన్ని పక్కన పెట్టాడు. ఇది ఏ ఈత కిందికీ రాదని, పోటీలో కుదరదని అన్నాడు. ఆమెకు అనుమానం వచ్చి పోటీల నిబంధనల పుస్తకం తెచ్చి ఒక్కో పేజీ చదివింది. ఫ్రీస్టైల్ అంటే ఎవరికి తోచినట్టు వాళ్లు ఈదవచ్చని అందులో ఉంది. పరమేశ్వర్ ఆ వాక్యం రెండుసార్లు చదువుకుని, ఇన్నేళ్లలో తానిది పట్టించుకోనే లేదని నవ్వి, పేరు చేర్చాడు.

పోటీలో ముగ్గురే. యాభై మీటర్లు. సాంబయ్య మూడోవాడిగా, బాగా వెనకబడి వచ్చాడు. అయితే ముందొచ్చిన ఇద్దరూ గోడ పట్టుకుని రొప్పుతుంటే, ఆయన మామూలుగా మెట్లెక్కి తల తుడుచుకున్నాడు. ఆ ఇద్దరూ కాస్త తేరుకుని నేరుగా ఆయన దగ్గరికే వచ్చి, ఆయాసం రాకుండా ఎలా ఈదుతున్నావని అడిగారు. శాలువా కప్పించుకుని, వాళ్లకు గాలిలోనే చేతులాడించి చూపించాడు సాంబయ్య.

ఆయన భార్య బాలవ్వ గోడ పక్కన నిలబడి అంతా చూస్తోంది. పెళ్లయి నలభై ఎనిమిదేళ్లయినా ఆయన ఈదడం చూడటం ఇదే మొదలట. నీళ్లెంత లోతని, నేల కాళ్లకు జారుతుందా అని స్వరాజ్యాన్ని ఒకటొకటిగా అడిగింది. చివరికి గొంతు తగ్గించింది.

"ఆడోళ్లకు ఏ టైముల ఉంటదమ్మా?"

పొద్దున అందరూ కలిసే ఈదుతారని, ఆడవాళ్లకు విడిగా అయితే మధ్యాహ్నం మూడింటికని స్వరాజ్యం చెప్పింది. సోమవారం రెండున్నరకే బాలవ్వ తువ్వాలుతో వచ్చి గేటు దగ్గర కూర్చుంది.