మెట్టు లేని బండి

మా వీధి చివర, టైర్ల కొట్టు దాటాక క్యారవాన్లు అద్దెకిచ్చే చోటు ఒకటి ఉంది. పొయ్యి, పరుపు, నీళ్ళ తొట్టితో సహా చిన్న సంసారమంతా చక్రాల మీద కదిలిపోయే బండ్లవి. వాటి యజమానిని అందరూ పెదనాన్న అనే పిలుస్తారు. నిజానికి ఆయన ఎవరికీ పెదనాన్న కారు. పలకరింపులోని మెత్తదనం వల్ల ఆ పేరు అతుక్కుపోయింది.

ఆయన అద్దెకిచ్చే పద్ధతే వేరు. "ఆ పెద్దది ఇవ్వండి" అని వచ్చినవాళ్ళ చేతికి తాళం ఇచ్చేయరు. "ముందు పడుకుని చూడండి" అంటారు. నవ్వినా విసుక్కున్నా సరే, ఇంటిల్లిపాదీ చెప్పులు విప్పి బండెక్కి, తలుపు వేసుకుని, పట్టపగలు ఎవరి పక్క మీద వాళ్ళు కాసేపు వాలవలసిందే. ఎవరి కాళ్ళు గోడకు తన్నుకుంటున్నాయో, ఎవరికి ఊపిరాడటం లేదో అప్పుడు తెలుస్తుంది. అలా తెలిసి, పెద్ద బండి కోసం వచ్చినవాళ్ళు చిన్నదానితో సంతోషంగా వెళ్ళడం నేను ఎన్నోసార్లు చూశాను.

ఈ పద్ధతి పెట్టింది ఆయన భార్య. లోపల వాళ్ళు పడుకున్నాక ఆవిడ బయట నిలబడి, కాసేపాగి, రేకు మీద వేలి కణుపుతో రెండుసార్లు మెల్లగా తట్టేది. నిద్రపోతున్న పసిబిడ్డ ఉన్న ఇంటి తలుపు తట్టినట్టు ఉండేది. ఎలా ఉందమ్మా అని అడిగేది. దేవుడు కొందరి చేతుల్లోనే ఆ నెమ్మది పెడతాడు.

ఆవిడ పోయి రెండేళ్ళయింది. పోయిన కొత్తలో చివరి వరసలోని పొట్టి బండిలో ఒక జంట పడుకుని చూసి, బయటికి వచ్చి "తట్టారు కదా, పిలిచారా?" అన్నారు. అప్పుడు పెదనాన్న గేటు దగ్గర గొట్టంతో నీళ్ళు పడుతున్నారు. తరవాత వచ్చినవాళ్ళూ అదే మాట అన్నారు. మర్నాడు ఆయనే వెళ్ళి పడుకున్నారు. రెండుసార్లు, మెల్లగా, తట్టిన చప్పుడు. తలుపు తీస్తే ఎండ తప్ప ఏమీ లేదు.

ఆనాటి నుంచి ఆ బండిని ఎవరికీ ఇవ్వలేదు. ఇంజన్ బాగాలేదని చెప్పేవారు. మధ్యాహ్నం అన్నం తిన్నాక అందులోకి వెళ్ళి, పడుకుని, ఆ చప్పుడు వినేవారు. ఒక్కనాడూ బదులు పలకలేదు. పలికితే పని అయిపోయిందనుకుని ఆవిడ వెళ్ళిపోతుందేమోనని భయం.

"గుర్రంలాంటి ఇంజన్‌ని పట్టుకుని బాగాలేదంటావేంటి పెదనాన్నా? అది చూసింది నేనే కదా, నా పరువేం కాను?" అని వేళాకోళం ఆడేవాడు మెకానిక్. అతన్ని అందరూ పానా అంటారు. అలా అంటూనే ఆయన లోపల ఉన్నంతసేపూ సుత్తి పని పక్కన పెట్టి, చప్పుడు లేని పనులు చేసుకునేవాడు.

ఈమధ్య మబ్బు పట్టిన ఒక ఉదయం రొట్టెల దుకాణం ఆమె భర్తనీ తల్లినీ వెంటబెట్టుకుని వచ్చింది. తల్లికి తుంటి ఎముక విరిగి అతుక్కుంది గానీ కాలు పైకి లేవదు. సముద్రం పక్క ఊళ్ళో ఆవిడ అక్క మంచాన పడి, చెల్లెలి కోసం కలవరిస్తోంది. అంత దూరం కూర్చుని వెళ్ళలేదు, పడుకునే వెళ్ళాలి.

"పెద్దదే ఇవ్వండి. మా అత్తగారు మహారాణిలా వెళ్ళాలి. స్నానాల గది కూడా ఉందటగా!" అన్నాడు అల్లుడు.

"మహారాణి ముందు మెట్లెక్కాలి కద నాయనా," అంది పెద్దావిడ చక్రాల కుర్చీలోంచి.

అల్లుడూ పానా చెరోవైపు పట్టి ఎత్తారు. రెండో మెట్టు దగ్గరే ఆవిడ ముఖం పాలిపోయింది. దించేశారు. పెదనాన్న తన తువ్వాలుతో ఆవిడ నుదురు తుడిచి, మంచినీళ్ళు ఇచ్చారు. పైకప్పు లేచే వ్యానులో పక్క పైన ఉంది, దానికి నిచ్చెన. "అదెక్కితే మా అక్కకంటే నేనే ముందు పోతా," అని ఆవిడే అందర్నీ నవ్వించింది. కారు వెనక తగిలించుకునేది ఉంది గానీ, నడిచేటప్పుడు అందులో మనిషి ఉండకూడదు.

"మరి ఆ చివరిదో?" అంది కూతురు. నేలకు జానెడెత్తులో ఉంది దాని గడప. పక్కకు జరిగే తలుపు, తలుపును ఆనుకునే పక్క.

"దాని ఇంజన్ బాగాలేదమ్మా."

పానా నేలచూపులు చూశాడు.

"బాగుచేయించలేరా పెదనాన్నా? పెద్దమ్మ ఎన్నాళ్ళుంటుందో తెలీదు," అంది కూతురు.

"పోనీ, కాసేపు నడుం వాల్చనివ్వండి బాబూ. కూర్చుని కూర్చుని ప్రాణం పోతోంది," అంది పెద్దావిడ.

అలా అడిగితే కాదనలేకపోయారు. కుర్చీని గడపకు ఆనించి, నొప్పి లేకుండా ఆవిడను లోపలికి జరిపి, తలుపు ఆయనే వేశారు. నలుగురూ తలుపు దగ్గరే నిలబడ్డారు. బండికి అవతలి వైపు నుంచి రెండుసార్లు చప్పుడైంది. అల్లుడు చుట్టూ తిరిగి చూసి, ఎవరూ లేరని చేతులు తిప్పాడు. లోపల పెద్దావిడ ఎవరితోనో మాట్లాడుతోంది. ఆగుతోంది. మళ్ళీ మాట్లాడుతోంది.

పెదనాన్న తలుపు లాగారు. "ఎవరితోనమ్మా?"

"ఎవరో ఆవిడ, పరుపు ఒత్తుకుంటోందా అని అడిగింది. పాపం, పడిశం పట్టినట్టుంది గొంతు."

ఆయన గడప పట్టుకుని కూర్చుండిపోయారు. "మా ఇంటిదానికి పన్నెండు నెలలూ పడిశమే," అన్నారు. రెండేళ్ళుగా చప్పుడే విన్నారు గాని ఆ గొంతు ఆయనకు ఒక్కసారి కూడా వినబడలేదు. "నా సంగతేమైనా అడిగిందా?"

"లేదు నాయనా. ఎక్కడికెళ్తున్నారంది. మా అక్క దగ్గరికన్నాను. అయితే ఇదే తీసుకెళ్ళండి, దీనికి మెట్టు లేదంది."

పిలుస్తోంది తననేనని ఆయన ఇన్నాళ్ళూ అనుకున్నారు. ఆవిడ మాత్రం బండెక్కవలసిన వాళ్ళ కోసం తన పని తాను చేసుకుంటూ నిలబడి ఉంది. ఆ వాకిలికి ఆయన తాళం వేసి కూర్చున్నారు.

"పెదనాన్నా," అన్నాడు పానా దగ్గరికి వచ్చి, గొంతు తగ్గించి. "ఇది బయటికెళితే ఆ చప్పుడు మళ్ళీ వస్తుందో రాదో. ఇంకోసారి ఆలోచించుకో."

"ఆలోచించానురా. టైర్లలో గాలి చూడు."

అల్లుడి పక్కన కూర్చుని ఆయనే మలుపులు నేర్పారు. పెద్దావిడ పడుకున్నాక నడుముకు పట్టీ బిగించి, గట్టిగా ఉందేమోనని తన వేళ్ళు దూర్చి చూశారు. "గతుకులొస్తే నెమ్మదించు. వెనక పడుకున్న మనిషి ఉందని మరిచిపోకు," అన్నారు. కూతురు ఆయన చేతులు పట్టుకుంది. బండి గేటు దాటి, కొట్లు దాటి, మలుపు తిరిగింది.

సాయంత్రం వాన మొదలైంది. బండి రెండేళ్ళు నిలిచిన చోట నేల పొడిగా, తెల్లగా, మనిషి పడుకునేంత మేర ఉంది. చుట్టూ అంతా తడిసి నల్లబడుతుంటే అది మాత్రం కాసేపు తెల్లగానే నిలిచింది. పెదనాన్న దాని అంచున నిలబడి చూస్తున్నారు. పానా గొడుగు తెచ్చి ఆయన మీద పట్టుకుని నిలబడ్డాడు. చినుకులు ఒక్కొక్కటే ఆ తెల్లటి నేల మీద పడి ఇంకిపోతున్నాయి.