రెక్క మీది గుర్తు

అమలాపురంలో మా పక్కింటి సైన్సు మాస్టారికి ఎవరేం చెప్పినా "రుజువేదండీ?" అనడం అలవాటు. పంచాంగం పేరెత్తితే మమ్మల్ని ఆదిమానవుల్లో కలిపేసేవారు.

ఓ ఏడాది హైస్కూలు ఎగ్జిబిషనుకి మద్రాసు నుంచి ప్లాస్టిక్కు యుద్ధవిమానం ముక్కలు తెప్పించి, సన్న కుంచెతో రంగులేసి అతికించారు. ఇక రెక్కల మీద మూడురంగుల గుర్తులే మిగిలాయి. వాటిని నీళ్ళలో నానబెట్టి, కాగితం మీంచి జార్చి అంటించాలి. ఒకటి అంటించారు. రెండోది నీళ్ళలో వేసి, గడియారం చూసి ఆగిపోయారు.

"నానిపోతోంది మాస్టారూ, తియ్యండి."

"రాహుకాలం వచ్చేసిందండీ. దాటనివ్వండి."

"రుజువేదండీ?" అన్నాను ఒళ్ళు మండి.

"విమానం కదండీ, రిస్కెందుకు?"

రాహుకాలం దాటేసరికి గుర్తు ముక్కలై నీళ్ళలో తేలింది. ఇంకోటి దొరకదు. సాయంత్రమే ఎగ్జిబిషను.

చూడటానికొచ్చిన స్కూళ్ళ ఇన్‌స్పెక్టరు, "ఈ రెక్క బోసిగా ఉందేంటండీ?" అన్నారు.

మాస్టారు తడుముకోలేదు. "శత్రువు పోల్చుకోకుండా యుద్ధంలో ఓ పక్క గుర్తు చెరిపేస్తారండీ."

"ఆయ్!" అని తలూపి, ఆయన మొదటి బహుమతి ఇచ్చేశారు.

మరుసటి ఏడాది పిల్లలు అట్టతో చేసి తెచ్చిన విమానాలన్నిటికీ ఒక రెక్క బోసిగానే ఉంది. మాస్టారు ఒక్కొక్కటీ శ్రద్ధగా చూసి, అందరికీ మార్కులు వేశారు.