టీవీ తుపాకీ వచ్చిన ఎండాకాలం

మా అబ్బాయి సెల్‌ఫోన్ ఛార్జింగుకి పెట్టి, తీగ ఊడకుండా దాని పక్కనే ఒదిగి కూర్చుని ఆడుతుంటే, కాసేపటికి ఆ ఛార్జరు వేడెక్కి ఒక వాసన వస్తుంది. కాలిన వాసన కాదు, కాలబోయే ముందు ప్లాస్టిక్కు వదిలే తియ్యటి, వెగటు వాసన. సంధ్యవేళ దీపం పెట్టి, నిప్పుల మీద సాంబ్రాణి వేసి ఇటు తిరిగేసరికి ఆ రెండు వాసనలూ గుమ్మంలో కలుసుకుంటాయి. అరకు చలికి తలుపులు బిగించుకుని ఉంటాం కాబట్టి ఎటూ పోలేక అక్కడే తచ్చాడతాయి. అవి ముక్కుకి తగలగానే నా చెయ్యి దానంతట అదే వెళ్లి వీధివైపు కిటికీ రెక్క మూసేస్తుంది. ఎందుకమ్మా అని వాడు అడిగితే చలిరా అంటాను. ఎండాకాలంలో అడిగితే దోమలంటాను.

ఆ కిటికీ మూయడం నాకు మా నాన్న దగ్గర్నుంచి వచ్చింది. ఆయన విజయనగరం వైపు పల్లపు ఊరి నుంచి కొండెక్కి వచ్చి, అరకు పక్కన ఒక సంత ఊళ్లో దుకాణం పెట్టుకున్న వర్తకుడు. ముందుగది దుకాణం, వెనక రెండు గదులు మేము. దుకాణంలో ఉప్పు, కిరసనాయిలు, ఎండుచేప, బెల్లం, గళ్ల తువ్వాళ్లు. సంతరోజున కొండ మీది ఊళ్ల నుంచి దిగే చింతపండు, పసుపు, పిప్పళ్లు, విస్తళ్లు కుట్టే అడ్డాకుల కట్టలు. అన్నీ కలిసి మా అన్నంలోకి, మా పక్కబట్టల్లోకి, చివరికి అమ్మ పూజలో వెలిగించే వత్తిలోకి కూడా వాటి వాసన పట్టించేవి. శీతాకాలం వలిసె పూలు కొండవాలులన్నీ పసుపు పూసినట్టు చేసేవి. వానాకాలం మేఘం తిన్నగా దుకాణంలోకి వచ్చి ఉప్పు బస్తాని తడిపేసి పోయేది. ఎండాకాలం పనసకాయల జిగురు, మామిడి పులుపు, జీలుగు కల్లు తాగి పాడుకుంటూ పోయేవాళ్ల పాటలు.

నేను బడికి వెళ్లలేదు. చిన్నప్పుడే మన్యం జ్వరం పట్టుకుని, తగ్గినట్టే తగ్గి మళ్లీ వచ్చేది. అందుకని అమ్మే దుకాణం వెనక వరండాలో పలక పెట్టి అక్షరాలు, ఎక్కాలు, పద్యాలు చెప్పింది. పాఠానికి ముందు దండం, పాఠం అయ్యాక దండం. ఈ రోజుకి ఇంత తెలిసింది, చాలు స్వామీ, అని నా చేత అనిపించేది. చాలు అనుకోవడం నాకు అక్కడే అలవాటైంది. ఒకసారి జ్వరం నెత్తికెక్కి నాకు తెలివి తప్పినప్పుడు, వానలో జీపులు నిలిచిపోతే, వాగవతల ఊరి బుద్రి అత్త నన్ను వీపుకి కట్టుకుని ఆసుపత్రి దాకా నడిచింది. మా దుకాణానికి అడ్డాకులు, పసుపు తెచ్చి వేసే మనిషి. అంతకుమించి చుట్టరికం ఏమీ లేదు. రోజూ దీపం ముందు అమ్మ ఆమె పేరు కూడా తలుచుకునేది.

తొంభైల చివరి సంవత్సరాలవి. మా వీధిలో ఎవరూ ఏ మాటా పూర్తిగా అనేవారు కాదు. అడవిలో తుపాకులు పట్టుకున్నవాళ్లు ఒకరు, వాళ్ల కోసం వెతుకుతూ తుపాకులు పట్టుకున్నవాళ్లు ఇంకొకరు. ఇద్దరినీ మావాళ్లు “వాళ్లు” అనే అనేవారు, ఏ “వాళ్లో” గడ్డం ఎటు తిప్పారన్నదాన్ని బట్టి పోల్చుకోవాలి. కొత్తమనిషి అగ్గిపెట్టె అడిగినా నాన్న ముందు అతని చెప్పులు చూసేవాడు, తరువాత ముఖం.

అలాంటి రోజుల్లో, చైత్రం ఎండల్లో, సాలూరులో మావయ్య ఇంట ఉండి చదువుకునే మా అన్నయ్య సెలవులకి వచ్చాడు. నాన్నే వెళ్లి తీసుకొచ్చాడు. అన్నయ్య చంకలో గోనెసంచి, సంచిలో మావయ్య కొనిచ్చిన టీవీ ఆటపెట్టె. తీగలు, నల్లటి అడాప్టరు, పసుపుపచ్చ క్యాసెట్లు, వాటితో పాటు ఒక బూడిదరంగు ప్లాస్టిక్ తుపాకీ. టీవీకి గురిపెట్టి మీట నొక్కితే తెరమీద ఎగిరే పిట్ట రాలిపోతుంది. నేను నోరు తెరిచాను. నాన్న నోరు బిగించాడు.

“ఇన్ని తీగలేటిరా దీనికి? ఎవడైనా చూస్తే వైర్‌లెస్సు సెట్టు అనుకుంటాడు,” అన్నాడు.

అనుకుంటే అయిపోయినట్టే, అటువాళ్లయినా ఇటువాళ్లయినా. దాచిపెడితే అనుమానం ఇంకా పెరుగుతుందని ఆయన లెక్క. అందుకని మర్నాడు సంతలో, పట్టపగలు, టీవీని దుకాణం గల్లా పక్కకి మోయించి, పెట్టె విప్పి, వచ్చినవాళ్లందరి ముందూ అన్నయ్య చేత ఆడించాడు. పసుపు తూకానికి వచ్చినవాళ్లు తూకం మరిచిపోయారు. కిటికీ ఊచల మధ్య తలలే తలలు. బుద్రి అత్త తన చిన్నకూతుర్ని భుజం మీద ఎక్కించుకుని మరీ చూసింది. పిట్ట రాలినప్పుడల్లా కేకలు. ఇది ఒట్టి ఆటబొమ్మ అని ఊరంతటికీ తెలిసిపోయిందని నాన్న ఊపిరి పీల్చుకున్నాడు.

అమ్మ అనుమానం వేరు. ఆ పెట్టె లోపలికి వచ్చాక, దేవుడి పటాలకి ఎదురుగా టీవీ, టీవీలో చావు. ఆట మొదలయ్యే ముందు ఆమె ఒక ఉతికిన తువ్వాలు పటాల మీద కప్పేది, ఆట అయ్యాక తీసి లెంపలేసుకునేది. దేనిని హింస అనాలన్న దగ్గర కూడా అమ్మకీ నాన్నకీ పొత్తు కుదిరేది కాదు. ఇంకో క్యాసెట్లో కిటికీల్లోంచి తొంగిచూసే మనుషుల్ని కాల్చాలి. అమ్మకి అదే నయమనిపించింది: వాళ్ల చేతుల్లోనూ తుపాకులున్నాయి కదా, పాపం పిట్టలేం చేశాయని. నాన్నకి పిట్టల మీద పట్టింపు లేదు, ఆ మనుషులు ఆకుపచ్చ బట్టలు వేసుకున్నారన్నదే ఆయన బాధ. ఆకుపచ్చ బట్టలు వాళ్లూ వేసుకుంటారు, వాళ్లూ వేసుకుంటారు. ఎవరిని కాల్చినట్టు చూసేవాడికి కనబడుతుందో ఎవరికి తెలుసు? ఆ క్యాసెట్టు బియ్యం డబ్బాలోకి పోయింది. పిట్టల ఆట మిగిలింది, అదీ టీవీ గొంతు పూర్తిగా నొక్కేసి. గోడవతల నడిచేవాడికి తుపాకీ చప్పుడు వినబడకూడదు. అన్నయ్య నోటితోనే, అదీ గుసగుసగా, “ఢిష్... ఢిష్” అనుకుంటూ కాల్చేవాడు. అడాప్టరు వేడెక్కి ఆ వాసన, పక్కన అమ్మ సాంబ్రాణి, మూసిన కిటికీ. ఆ గదిలో అందరం ఒకరినొకరం ఓరకంట చూసుకుంటూ ఉండేవాళ్లం. అన్నయ్య అన్నం దగ్గర విసుక్కుంటే అమ్మ పెట్టెవైపు చూసేది. కోడిపిల్లని అదిలిస్తే పెట్టెవైపు చూసేది. అమ్మ చూస్తోంది కదా అని నేనూ చూసేదాన్ని.

అంతలో ఇటుకల పండగ వచ్చింది. కొండ ఊళ్లలో చైత్రంలో విత్తనాలకి పూజ చేసి, కొత్త మామిడికాయ తినడం మొదలుపెట్టి, మగవాళ్లు విల్లులు, నాటుతుపాకులు పట్టుకుని వేటకి వెళ్లే పండగ. దొరికిన మాంసం ఊళ్లో ప్రతి ఇంటికీ వాటా వెయ్యాలి. ఏమీ దొరక్క ఉత్తి చేతులతో దిగినవాణ్ణి ఆడవాళ్లు వదలరు, ఊరి మొగలోనే పట్టుకుని, పాటలు కట్టి ఎగతాళి చేసి, నెత్తిన పేడనీళ్లు పోస్తారు. ఆ రోజుల్లో ఆడవాళ్లు రోడ్డుకి అడ్డంగా వెదురుగడ కట్టి, జీపుల్ని ఆపి, చిల్లర ఇచ్చేదాకా ఆడతారు. వేట, కల్లు అని అమ్మ ఆ పండగ నాళ్లలో తలుపు దగ్గరికి వేసుకుని లోపలే ఉండేది.

ఆ ఏడు వెదురుగడ సరిగ్గా మా దుకాణం ముందే పడింది. పొద్దెక్కాక బుద్రి అత్త మొగుడు, ఇంకొందరు ఉత్తి చేతులతో దిగారు. రోడ్డు మీదే పేడనీళ్ల స్నానం. నవ్వులు, డప్పు, ఈలలు. అన్నయ్య అరుగు మీద నిలబడి అందరికంటే గట్టిగా నవ్వాడు. బుద్రి అత్త కుండ చంకన పెట్టుకుని ఇటు తిరిగింది.

“ఏటి బాబూ, నవ్వుతన్నావు? పొద్దల్లా పిట్టల్ని కాలిసినావు గదా, మేం సూడనేదా? ఏదీ, ఒక్క పిట్టయినా? మా ఇంటి వాటా ఏదీ?”

“ఉత్తి సేతులోడేనే ఈ గుంటడు! పొయ్యండే!” అంది ఇంకో ఆమె.

వాళ్ల వరసలో అది ముద్దు. పరాయివాడి మీద ఆ నీళ్లు పొయ్యరు. చొక్కా మీద ఓ దోసెడు పడింది, అంతే. కానీ అన్నయ్యది మీసం రాబోయే వయసు, ఎదురుగా ఆడపిల్లలు పకపకలాడుతున్నారు. వాడు లోపలికి పరుగెత్తి ఆ బూడిదరంగు తుపాకీ పట్టుకుని వచ్చాడు. పీకేసిన తీగ వాడి కాళ్ల వెనక ఈడ్చుకొస్తోంది. మెట్టు మీద ఒక కాలు వెనక్కి వేసి, రెండు చేతులతో పట్టి, బుద్రి అత్త ముఖానికి గురిపెట్టాడు.

వాళ్లు కూర్చున్నారు.

అది బొమ్మ అని వాళ్లకి తెలుసు. మా కిటికీలోంచే చూశారు. అయినా బుద్రి అత్త ముందు, ఆ వెనక అందరూ, తారు రోడ్డు మీద వరసగా గొంతుక్కూర్చుని, చేతులు రెండూ తలమీద పెట్టుకుని నేలచూపులు చూశారు. పేడనీళ్లు కారుతున్న మగవాళ్లు కూడా. బుద్రి అత్త చిన్నకూతురు, ఇంకా మాటలు సరిగ్గా రాని గుంట, తల్లి పక్కనే పాదాలు దగ్గరికి పెట్టుకుని, తన చేతులు తన తలమీద పెట్టుకుంది, ఎవరూ చెప్పకుండానే. డప్పు ఎక్కడ ఆగిందో తెలియలేదు. దుకాణంలో నాన్న చేతిలో తక్కెడ అలాగే ఉండిపోయింది.

అరుగు మీద పలక పట్టుకుని ఉన్న నాకు ఒక్కటే భయం పట్టుకుంది: ఇక ఈ మనుషులు మా గుమ్మం తొక్కరు. నన్ను మోసిన వీపు ఇక మా ఇంటివైపు తిరగదు. నాన్నకీ అదే తోచిందేమో, ముందుకి ఉరికి తుపాకీ లాక్కున్నాడు. అయినా వాళ్లు లేవలేదు.

అమ్మ వచ్చింది. పండగ నాళ్లలో గడప దాటని మనిషి గడప దాటి, రోడ్డు దిగి, వెదురుగడ కింద నుంచి వంగి అవతలికి వెళ్లి, బుద్రి అత్త పక్కన పడున్న కుండ ఎత్తుకుంది. వచ్చి, పేడనీళ్లన్నీ అన్నయ్య నెత్తిన కుమ్మరించింది.

“ఉత్తి సేతుల్తో వచ్చినోడు నా కొడుకు. మీ రివాజు నాను సేసినాను. లెగండమ్మా. బుద్రీ, లెగు తల్లీ,” అంది. ఆమె గొంతులో మా పల్లపు ఊరి యాస అంత గట్టిగా నేనెప్పుడూ వినలేదు.

బుద్రి అత్త వెంటనే లేవలేదు. చేతులు దింపింది. పేడ చుక్కలు ముక్కు మీంచి జారుతున్న అన్నయ్యని చాలాసేపు చూసింది. తరువాత కుండవైపు గడ్డం చూపించి అంది:

“అడుగున ఇంకా ఉన్నాది. అదీ పొయ్యి.”

అమ్మ పోసింది. ముందు ఆ చిన్నగుంట నవ్వింది.

నూతి దగ్గర అన్నయ్య ఒళ్లు తోముకుంటుంటే నాన్న పక్కన నిలబడి అడిగాడు. “అలా నిలబడి గురిపెట్టడం ఎక్కడ నేర్సుకున్నావురా? ఆ ఆటలోనేనా?” ఔనంటాడని ఎదురుచూస్తున్నట్టు అడిగాడు. అమ్మ కూడా అదే మాట కోసం చెంబు పట్టుకుని ఆగింది.

“ఆటలో ఎవరూ కూసోరు నాన్నా, పడిపోతారంతే,” అన్నాడు అన్నయ్య. “మొన్న సాలూరు నుంచి వస్తుంటే బస్సు ఆపి మనందర్నీ దింపినారు గదా. అక్కడ చూశాను. నువ్వూ కూసున్నావు.”

నాన్న ఆ సంగతి ఇంట్లో చెప్పలేదు. బస్సు ఆపింది ఏ “వాళ్లో” అన్నయ్య అనలేదు, అమ్మ అడగలేదు. చేద వేసి ఇంకో బకెట్టు నీళ్లు తోడి, నాన్న ముఖం చూడకుండా ఆయన చేతికిచ్చింది.

ఆ తుపాకీని నాన్న దుకాణం ముందు, అందరూ చూస్తుండగా, రాయితో చితకగొట్టాడు. పెట్టె మాత్రం ఉంది. కార్ల ఆట ఆడుకుంటూ ఉంటే వానాకాలం చెమ్మకి దానంతట అదే చచ్చిపోయింది. తరువాతి సంతకి బుద్రి అత్త వస్తుందా రాదా అని నేను పొద్దుటి నుంచీ అరుగు మీదే కూర్చున్నాను. వచ్చింది. అడ్డాకుల కట్టలు దింపి, నీళ్లు తాగి, “మీ వేటగాడేడే?” అని నన్నే అడిగింది. ఆ రాత్రి దీపం ముందు నేను పెట్టిన దండం లాంటిది మళ్లీ పెట్టలేదేమో.

బుద్రి అత్త పోయింది. అమ్మా నాన్నా కూడా. అన్నయ్య సాలూరులో లారీల ఆఫీసు నడుపుకుంటున్నాడు, ఏ తుపాకీ ఆటా ముట్టుకోడు. ఇటుకల పండగలో వేట పేరుకే, పేడనీళ్ల బదులు ఎక్కువచోట్ల రంగునీళ్లు; వెదురుగడ దగ్గర ఆగే కార్లలోంచి పర్యాటకులు ఫోటోలు తీసుకుంటారు. మా దుకాణం ఉన్నచోట కాఫీ అమ్ముతున్నారు. అమ్మకి ఆ పెట్టె మీద ఉన్న అనుమానం నాకు ఈ ఫోను మీద ఉంది. ఆ రోజు అన్నయ్య ఇచ్చిన జవాబు గుర్తున్నా ఆ అనుమానం పోదు. మా అబ్బాయి ఆడుతుంటే తెరవైపు ఒకసారి, వీధివైపు ఒకసారి చూస్తాను, దేన్ని అనుమానించాలో తెలియక.

మొన్న చైత్రంలో బుద్రి అత్త మనవరాలు మామిడికాయలు తెచ్చి మా అరుగు మీద కూర్చుంది. ఆమె ఉప్పు కోసం లేచి నిలబడినప్పుడు, మా అబ్బాయి ఫోనులో చూసినట్టే కాలు వెనక్కి వేసి, రెండు చేతులూ జోడించి, వేలు ఆమె ముఖానికి గురిపెట్టాడు. ఆ పిల్ల వాడి వేలు చూసింది, వాడి ముఖం చూసింది, నమిలిన మామిడి టెంక తీసి వాడి నుదుటికేసి కొట్టింది.

“పోరా, ఏటా ఏసాలు!” అంది, నిలబడే.