ప్రస్థానం పెట్టిన సంచి

దయ్యాలను నేనెప్పుడూ నమ్మలేదు. నిజం చెప్పాలంటే మనుషులను కూడా అంత తేలిగ్గా నమ్మే రకం కాదు. హోసూరులో ఒక కంపెనీలో పదకొండేళ్లు ఇన్‌స్పెక్షన్ సెక్షన్‌లో పనిచేశాను. కొలవకుండా ఒక్క పీసు కూడా పాస్ చేయకూడదన్నది అక్కడ నేర్పిన మొదటి పాఠం. ఆ బుద్ధి ఇంటికీ వచ్చేసింది. పాలవాడు నిండా పోసినా నా కంటికి ఒక గీటు తక్కువే కనబడుతుందని మా ఆయన ఎగతాళి చేసేవాడు. ఇది ఎందుకు చెబుతున్నానంటే, నేను రాయబోయేది పరధ్యానంలో మరిచిపోయిన సంగతి కాదని మీకు తెలియాలి.

రెండు వేల నాలుగు వేసవిలో జరిగింది. మా ఆయనకు పూణేలో ఉద్యోగం దొరికి రెండు నెలల ముందే వెళ్లిపోయాడు. నేను రాజీనామా ఇచ్చి, తొమ్మిదేళ్ల మా అమ్మాయి పల్లవితో కలిసి సామాన్లు కడుతున్నాను. బెంగళూరు నుంచి మాకు రైలు టికెట్లు శనివారానికే దొరికాయి. సామాన్ల లారీ కూడా ఆ రోజు ఉదయమే.

శనివారం అనగానే కృష్ణగిరి నుంచి మా అమ్మ ఫోన్లో ఒకటే గొడవ. ఆ రోజు ప్రయాణం పనికిరాదంది. టికెట్ మార్చడం కుదరదన్నాను. అయితే బుధవారం పొద్దున మంచి గడియ ఉంది, ప్రస్థానం పెట్టమంది.

ప్రస్థానం అంటే, బయలుదేరాల్సిన రోజు మంచిది కాకపోతే ముందే ఒక మంచి వేళ చూసి, మన బట్టలు నాలుగు సంచిలో పెట్టి, గడప దాటించి వేరేవాళ్ల ఇంట్లో ఉంచడం. దాంతో మనం బయలుదేరినట్టే లెక్క. ఒక్కటే షరతు, ఆ సంచి మళ్లీ మన ఇంట్లోకి రాకూడదు. నాకు ఇవన్నీ పెద్దగా పట్టవు. అమ్మ నోరు మూయించడానికి సరేనన్నాను.

సంచి పెట్టడానికి ఎవరిల్లు అని ఆలోచించే పనే లేదు. ఎదురింటి రాజమ్మక్క ఉంది. భర్త లేడు, పిల్లలు లేరు. బాగలూరు తోటల్లో రోజాపూలు కొని బెంగళూరు మార్కెట్టుకు పంపే వ్యాపారం. నేను డ్యూటీకి పోతే పల్లవికి అన్నం తినిపించింది, జడ వేసింది, జ్వరమొస్తే ఒళ్లో పెట్టుకు కూర్చుంది ఆమే. మా ఇంటి రెండో తాళంచెవి తొమ్మిదేళ్లుగా ఆమె దగ్గరే ఉండేది. ఆ వీధిలో నేను అనుమానించని మనిషి ఆమె ఒక్కతే.

మేము వెళ్లిపోతున్నామని తెలిసినప్పటి నుంచి మాత్రం ఒక మాట అంటూ వచ్చింది. "పాపను నా దగ్గర పెట్టి పోండమ్మా. ఐదో తరగతి ముగిసినాక పిలుచుకొని పోదురు." మొదటిసారి నవ్వాను. రెండోసారి నవ్వలేదు.

బుధవారం పొద్దున నా చీర ఒకటి, ఆయన చొక్కా, పల్లవి గౌను, పొట్లంలో అక్షింతలు పెట్టి సంచి తీసుకెళ్లి ఇచ్చాను. అది ఖాకీ గుడ్డ సంచి, మామూలుగా మా వంటింటి తలుపు వెనక మేకుకు తగిలించి ఉండేది. రాజమ్మక్క రెండు చేతులా అందుకుని దేవుడి గూటి పక్కన పెట్టింది.

గురువారం పల్లవి స్కూలుకు పోయి టీసీ తీసుకుని పదకొండుకు ఇంటికొచ్చాను. తాళం వేసింది వేసినట్టే ఉంది. వంటింట్లో నీళ్లు తాగి తిరిగి చూస్తే సంచి మేకుకు ఉంది. లోపల బట్టలూ పొట్లమూ అన్నీ ఉన్నాయి.

నాకు భయం కలగలేదు, కోపం వచ్చింది. తాళంచెవి ఉన్నది ఆమె దగ్గరే కదా. సంచి పట్టుకుపోయి అడిగాను. ఆమె దేవుడి గూటి వైపు చూసి తెల్లబోయింది. "నేనెందుకు తెస్తానమ్మా, యాడ పెట్టినానో ఆడనే ఉండాల గదా," అంది. ఆ తెల్లబోవడం కూడా నాకు కాస్త ఎక్కువైనట్టే అనిపించింది.

ఇంటి ఓనరమ్మకు ఇవ్వాలని చెప్పి రెండో తాళంచెవి వెనక్కి తీసుకున్నాను. అది అబద్ధం. బజారుకు పోయి తలుపుకు కొత్త తాళమే కొన్నాను, రెండు చెవులూ నా పర్సులోనే పెట్టుకున్నాను. సంచి మూతిని తెల్ల దారంతో చుట్టి, కంపెనీలో శాంపిళ్లకు వేసే ముడి వేశాను. కోస్తే తప్ప రాదు. ముడి మీద పచ్చ మార్కరుతో గీత పెట్టాను. రాజమ్మక్క ఏమీ అడగకుండా సంచిని తన ఇనప పెట్టెలో పెట్టి, నా కళ్లెదుటే తాళం వేసి, చెవి బొడ్లో దోపుకుంది.

శుక్రవారం ఉదయం ఎనిమిదిన్నరకు ఆ మేకును కూడా పీకి తీసుకుపోదామని చూశాను. గోడలో గట్టిగా దిగి ఉంది, రాలేదు. అప్పుడు దానికేమీ లేదు, ఇది నాకు బాగా గుర్తు. తొమ్మిదికి పల్లవిని తీసుకుని నులకతాడు కొనడానికి వెళ్లాను. పదికి తిరిగొచ్చి నా చేత్తో నేనే కొత్త తాళం తీశాను. ముందుగా చూసింది పల్లవి.

"అమ్మా, సంచి వచ్చేసింది."

ముడి వేసినట్టే ఉంది. పచ్చగీత చెదరలేదు.

రాజమ్మక్క ఇంటికి పరిగెత్తాను. తలుపుకు తాళం. నాకు మొహం చూపించలేక దాక్కుందనుకున్నాను. ఒంటిగంటకు ఆమె నెత్తిన పూలబుట్టతో వీధి మొదట్లో కనిపించింది. ఇంటిదాకా కూడా రానివ్వలేదు నేను. నలుగురు ఆడవాళ్లు చూస్తుండగా నిలదీశాను. ఆమె బుట్ట దించి, ఇంట్లోకి పోయి, అందరి ముందూ పెట్టె తాళం తీసింది. పెట్టె ఖాళీ.

ఆ ఖాళీ పెట్టె నాకు సాక్ష్యంలా కనబడింది. తెల్లారే పెట్టెలోంచి తీసేసి ఇప్పుడు నాటకమాడుతోందని తేల్చేసుకున్నాను. మా కొత్త తాళం ఎలా తీసిందన్నది ఆలోచించనే లేదు. "మేము పోకూడదని నీకుంటే నోరు తెరిచి చెప్పొచ్చు గదక్కా. అపశకునం చేసి ఆపాలని చూస్తావా? పిల్లలు లేనంత మాత్రాన నా బిడ్డ నీదైపోతుందా?" అన్నాను.

రాజమ్మక్క కొంగుతో మొహం తుడుచుకుంది. "మీరు పోకూడదని నాకుండేది నిజమేనమ్మా," అంది. "దానికి నీ ఇంట్లోకి దొంగగా వస్తానా నేను?" అంతే. తలుపు దగ్గరికి వేసుకుంది.

శనివారం లారీకి సామాన్లు ఎక్కిస్తుంటే తాళంచెవుల కోసం ఓనరమ్మ వచ్చింది. వీధిలో సంగతి అప్పటికే ఆమె చెవిన పడింది. "ఏమమ్మా, రాజమ్మను అట్ల అన్నావంట? నిన్న పొద్దున ఆరు గంటల బస్సుకే మేమిద్దరూ బాగలూరుకు పోయినామే. ఒంటిగంటకు కదా దిగినాము," అంది.

చేతిలో ఉన్న డబ్బా కింద పెట్టి లెక్క చూసుకున్నాను. ఆరు నుంచి ఒంటిగంట దాకా ఆమె బాగలూరులో ఉంది. ఎనిమిదిన్నరకు మేకు ఖాళీ. పదికి సంచి ఉంది. ఈ మూడింటినీ ఎన్నిసార్లు పక్కపక్కన పెట్టి చూసినా కుదరలేదు.

ఎదురింటికి పోయాను. పెద్ద తాళం వేలాడుతోంది. తెల్లారుజామునే అంచెట్టి దగ్గర తమ్ముడి ఊరికి పోయిందని చెప్పారు. మా బస్సుకు గంట టైముంది. అంచెట్టికి పోయి రావడానికి పూట పడుతుంది. పల్లవి ఆ తాళం పట్టుకుని ఏడ్చింది. దాన్ని లాక్కుని వచ్చేశాను.

ప్రయాణంలో ఏ కీడూ జరగలేదు. రైలు టైముకు చేరింది, లారీలో ఒక గ్లాసు కూడా పగల్లేదు. జరగాల్సిన కీడు వీధిలోనే జరిగిపోయింది. మా ఆయన మొత్తం విని, కంగారులో నువ్వే తెచ్చుకుని మరిచిపోయి ఉంటావన్నాడు. నేనూ అలా నమ్మడానికి చాలా ప్రయత్నించాను. కానీ పల్లవి తోడుంది, ముడి ఉంది, ఖాళీ పెట్టె ఉంది. సంచి మాత్రం పూణేలో ఎక్కడ పెడితే అక్కడే పడి ఉంది.

రాజమ్మక్కకు రెండు ఉత్తరాలు రాశాను. జవాబు రాలేదు. రెండేళ్ల తర్వాత హోసూరు వెళ్లి ఆమె ముందు కూర్చున్నాను. మనిషి చిక్కింది. కాఫీ ఇచ్చింది, పల్లవి ఎంత పొడుగైందని అడిగింది. తప్పయిపోయిందక్కా అని ఏడ్చాను. ఆమె పూలు కడుతూనే ఉండింది.

"ఆ సంచైనా రెండుసార్లు నీ ఇంటికి వచ్చిందమ్మా," అంది. "నన్ను మాత్రం, మీరు పోయే పొద్దు, ఆ గడప తొక్కనీకుండా చేసినావు."

సంచి ఎలా వచ్చిందన్న ప్రశ్నకు నా దగ్గర ఇప్పటికీ జవాబు లేదు. ఆ రోజు ఆమె ఇచ్చిన కాఫీ చల్లారిపోయింది, అయినా తాగేసి వచ్చాను.