చెడితేనే పలికే తనిఖీ

ఊరికి నీళ్ళు తోడే మోటార్లకు ప్రోగ్రాములు రాసే ఆ చిన్న కార్యాలయంలో ఆయనను అందరూ తనిఖీ బాబాయి అనేవారు. రాసిన ప్రతి ప్రోగ్రామునూ, అందులో జరిగిన ప్రతి మార్పునూ, మార్చినవారి పేరుతో సహా భద్రపరిచే రిపాజిటరీకి ఆయనే కాపలాదారు. ప్రతి వారం మొదటి రోజున కుర్చీ తుడుచుకొని కూర్చోగానే, దాచిన సరుకంతటినీ ఒకమారు పరీక్షించనిదే ఆయన మరో పని ముట్టుకొనేవారు కారు. బాబాయి తన నీడను కూడా లెక్కపెట్టుకొనిగాని ఇల్లు కదలడని తోటివారు నవ్వుకొనేవారు.

పరీక్ష తీరు ఇది. అక్కడ దాచిన వస్తువుకు పేరు ఎవరో పెట్టేది కాదు. దాని లోపలి అక్షరాలను లెక్కగట్టగా వచ్చినదే దాని పేరు. లోపల ఒక్క చుక్క మారినా లెక్క మారుతుంది, పేరు పొసగదు. మళ్ళీ లెక్కగట్టి పేరుతో సరిచూడడమే తనిఖీ.

ఆయన కంటి ఆపరేషను నిమిత్తం సెలవులో ఉండగా కార్యాలయంలోని పాత డిస్కు మొరాయించింది. తోటివారు సరుకంతా కొత్త డిస్కుకు మార్చి, పాతదానితో కొత్తదాన్ని పోల్చి, రెండూ ఒక్కటేనని తేలగానే నిశ్చింతగా నిద్రపోయారు. పాతదానిలోనే ఒక వస్తువు చెడి ఉన్నదన్న ఊహ ఎవరికీ కలగలేదు. దొంగసాక్షులిద్దరు ఒకే మాట చెప్పినట్లయింది. అందరి కంప్యూటర్లనూ ఆ డిస్కు నుంచే తిరిగి నింపారు. మంచి రోజుల బ్యాకప్‌లు చోటు చాలక చెరిగిపోయాయి.

తిరిగి వచ్చిన నాడు బాబాయి తనిఖీ నడిపితే ఒక వస్తువు తన పేరుకు తాను నిలవలేదు. అది మోటారు మాస్టారు రాసినది. మోటార్లకు మొదటి ప్రోగ్రాము రాసినందుకు ఆయనకు ఆ పేరు వచ్చింది. ఉద్యోగమంతా బాబాయి పక్క బల్ల వద్దనే గడిపి, నిరుడు కాలం చేశారు.

"చెడినదాని దాకా పాత భాగమంతా కోసేద్దాం బాబాయ్," అన్నది మేనేజరమ్మ. "ఇప్పుడు నడుస్తున్నది బాగానే ఉందిగా. ఇవాళ్టి నుంచి కొత్తగా మొదలెడదాం."

"కోస్తే మాస్టారు చేసిందంతా ఆయన పేరుతో సహా పోతుందమ్మా."

"పోయినాయన వచ్చి అడుగుతాడా ఏంటి?" అనేసి నాలుక కరుచుకున్నది. "అది కాదు బాబాయ్. శుక్రవారం మీరు రిటైరవుతున్నారు. చెడిపోయిన సరుకు నేనెవరి నెత్తిన పెట్టను? అప్పటిదాకా చూడండి. దొరక్కపోతే నేనే కోస్తాను."

ఆమె మాటలో తప్పు లేదు.

మంచి ప్రతి ఇంకెక్కడైనా ఉంటే, మాస్టారి ఇంట్లో ఉండిపోయిన ఆయన సొంత లాప్‌టాప్‌లోనే ఉండాలి. పరామర్శకు వెళ్ళిన నాటి తరువాత బాబాయి ఆ గడప తొక్కలేదు. ఏ ముఖం పెట్టుకొని వెళ్ళాలా అని వీధి మలుపులో కొంతసేపు తటపటాయించి, చివరకు తలుపు తట్టారు.

విషయం విని మాస్టారి భార్య బీరువా తెరిచి, పాత తువ్వాలులో చుట్టి ఉన్న లాప్‌టాప్‌ను తెచ్చి బల్లమీద పెట్టింది. చార్జరు గుచ్చి, చేతులు ఒడిలో పెట్టుకొని కూర్చున్నది.

"ఇన్నాళ్ళూ తెరవలేదు అన్నయ్యగారూ. లోపల ఏం పోయిందో తెలిస్తే మళ్ళీ పోయినట్టుంటుందని."

"నాకు అక్కర్లేనిదేదీ ముట్టుకోను చెల్లెమ్మా."

"మీ సంగతి నాకు తెలియదా? ఇద్దరికీ అదే పిచ్చి. ఈయన తాళం వేసి, వీధి చివరిదాకా వెళ్ళి, మళ్ళీ వెనక్కొచ్చి లాగి చూసేవారు. ఎన్ని బస్సులు తప్పిపోయాయో."

తెర వెలిగింది. పాస్‌వర్డ్ అడిగింది.

"అటు తిరగండి, నేనే కొడతాను," అన్నదామె. "నన్ను ఏడిపించడానికి పెట్టిన పేరది. మీకు తెలిస్తే ఆఫీసంతా అదే పిలుస్తారు."

బాబాయి బుద్ధిగా గోడవైపు తిరిగి నిలబడ్డారు.

ఆ లాప్‌టాప్‌లోని నకలు నిజంగా మంచిదేనా అన్నది ముందు తేలాలి. ఆయన తనిఖీ నడిపించి, కళ్ళజోడు సవరించుకొన్నారు. యంత్రం చాలాసేపు గుర్రుమన్నది, ఆగింది. తెరమీద ఒక్క మాటా రాలేదు.

"ఏమీ చెప్పలేదేం? ఇదీ చెడిపోయిందా?"

"చెడితేనే పలుకుతుంది చెల్లెమ్మా. పలకలేదంటే క్షేమం."

ఆమె ఆ ఖాళీ తెరను చూస్తూ ఉండిపోయింది.

"ఈయన చెడినా పలకలేదు," అన్నది. "గుండెల్లో నొప్పని డాక్టరు చెప్తే తెలిసింది."

బాబాయి జేబులోంచి పెన్‌డ్రైవ్ తీశారు. కావలసిన ఒక్క వస్తువును మాత్రం అందులోకి ఎక్కించుకొని లేచారు.

శుక్రవారం నాడు దానిని చెడినదాని స్థానంలో ఉంచి, మేనేజరమ్మ ఎదుట మొత్తం తనిఖీ నడిపారు. ఆమె కుర్చీ దగ్గరకు లాక్కొని కడదాకా చూసింది.

"అంతేనా బాబాయ్?"

"అంతేనమ్మా. ఇక మీద నకలును నకలుతో పోల్చి ఊరుకోకండి. ముందు దేనికది తన పేరుకు నిలుస్తుందో లేదో చూడండి."

ఆమె తల ఊపింది. కోత మాట మళ్ళీ ఎత్తలేదు. ఆయన తాళాలు ఆమె చేతికిచ్చి, వసారాలోకి వచ్చి ఫోను చేశారు.

"ఏమంది అన్నయ్యగారూ మీ తనిఖీ?"

"ఏమీ అనలేదు చెల్లెమ్మా."



"చార్జరు పీకేసి మళ్ళీ బీరువాలో పెట్టేద్దామనుకున్నాను," అన్నదామె. "బల్లమీదే ఉండనిస్తాలెండి. ఇక మీకు ఆఫీసు లేదుగా, అప్పుడప్పుడూ వచ్చి దీన్నీ చూసి వెళ్తుండండి."